ఎర్ర బియ్యం గుళికలు, నా క్రియాటినిన్

గత వర్షాకాలంలో సోంపేటలో చేయించుకున్న రక్తపరీక్షలో నా చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 168 అని తేలింది. డాక్టరుగారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని మందుల దుకాణం మెట్ల దాకా వెళ్ళి వెనుదిరిగాను. మొదలుపెడితే జీవితాంతం మింగవలసిందేనని, కాళ్ళు చేతులు పట్టేస్తాయని ఉదయపు నడకలో మిత్రులు చెప్పిన మాటలు నా మనసులో బలంగా నాటుకుపోయి ఉన్నాయి.

సంగతి తెలిసిన మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో ఒక సీసా తెప్పించాడు. "మావయ్యా, ఇది మందు కాదు, చైనావాళ్ళు వెయ్యేళ్ళకు పైగా తింటున్న బియ్యం. బియ్యం తింటే ఏమవుతుంది?" అన్నాడు. సీసా మీద రెడ్ ఈస్ట్ రైస్ అని ఉంది. 120 గుళికలు, రోజుకు రెండు. మా ఇంట్లో మొదట దానిని మనం వండుకునే ఎర్రబియ్యం అనుకున్నారు. రెండింటికీ సంబంధం లేదు. మన ఎర్రబియ్యానికి రంగు గింజ పైపొరలో పుట్టుకతోనే ఉంటుంది. చైనావాళ్ళది మామూలు తెల్ల బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, మొనాస్కస్ అనే బూజును దానికి పట్టించి, వెచ్చగా తేమగా ఉంచినప్పుడు గింజ లోపలిదాకా ఎర్రబడేది. చైనాలో దీనిని మాంసానికి రంగు కోసం, బియ్యపు మద్యం కోసం, అరుగుదల మందుగానూ వాడారు. ఆ పాతకాలపు వైద్యులకు కొలెస్ట్రాల్ అనే పదార్థమే తెలియదు కనుక, ఇది కొలెస్ట్రాల్ తగ్గిస్తుందనడానికి ఆ సంప్రదాయాన్ని సాక్ష్యంగా చూపడం ఎంతవరకు సబబో నాకు తరువాత గాని తట్టలేదు.

ఒకనాడు కుతూహలం కొద్దీ ఒక గుళికను విప్పి స్టీలు పళ్ళెంలో పోశాను. ఇటుక పొడి వంటి మెత్తని పొడి, మూత తీయని గాదెలో వచ్చే ముక్కవాసన. నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే పళ్ళెం అంచు వరకు వక్కరంగు పాకింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి, పెన్సిలిన్ ఒక బూజు నుంచి వచ్చిందని ఏటా నల్లబల్ల మీద రాసినవాడిని, ఆ పళ్ళెం ముందు కూర్చుని కూడా అది మందు అయ్యుండవచ్చునని అనుకోలేదు.

ఏడు వారాల తరువాత ఎల్‌డీఎల్ 129కి దిగింది. పిక్కల్లో కొద్దిగా నొప్పి ఉండేది కాని, కొబ్బరితోటలో తిరుగుడు ఎక్కువైందని సరిపెట్టుకున్నాను. విజయగర్వంతో కాగితం డాక్టరుగారి ముందు పెట్టి, మాత్ర లేకుండానే తగ్గించుకున్నానని చెప్పాను. ఆయన సీసా తిప్పి చూసి నవ్వారు. "మాస్టారూ, మీరు స్టాటిన్ మానలేదు. ఎంత వేసుకుంటున్నారో తెలియకుండా స్టాటినే వేసుకున్నారు" అన్నారు.

ఆ బూజు తయారుచేసే మొనకోలిన్ కె అనే పదార్థమూ, లోవాస్టాటిన్ అనే మందూ రసాయనికంగా ఒక్కటేనట. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1979లో దీనిని మొనాస్కస్ నుంచే వేరుచేశారు. వేరొక బూజు నుంచి తీసిన లోవాస్టాటిన్‌కు అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది. కాలేయం కొలెస్ట్రాల్‌ను తయారుచేసుకోవడానికి అవసరమైన ఎంజైమును రెండూ ఒకే విధంగా అడ్డుకుంటాయి. కాబట్టి నా పిక్కల నొప్పి వెనుక కొబ్బరితోట కంటే ఆ సీసానే ఎక్కువగా అనుమానించాలి. మాత్ర మీద మోతాదు అచ్చువేసి ఉంటుంది. నా సీసా మీద బియ్యం పొడి బరువే తప్ప మొనకోలిన్ ఎంతో లేదు. అమెరికాలో అమ్మే 28 రకాలను పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో కొన్నింట అది అసలు కనిపించలేదు, ఉన్నవాటిలో అరవై రెట్లకు మించిన తేడా ఉంది. ఐరోపా సమాఖ్య 2022లో మొనకోలిన్ రోజుకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నియమం పెట్టి, 70 ఏళ్ళు దాటినవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపువారు వాడరాదని సీసా మీద రాయించింది.

అయినా నన్ను నిజంగా భయపెట్టింది ఇదేమీ కాదు. బూజును సరిగ్గా పెంచకపోతే అదే బియ్యంలో సిట్రినిన్ అనే విషం పుడుతుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జపాన్‌లో 2024 మార్చిలో, కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని అమ్మిన ఇటువంటి గుళికలు వాడినవారికి మూత్రపిండాలు పాడవుతున్నాయని బయటపడి సరుకంతా వెనక్కి తీసుకున్నారు. అక్కడ కారణం సిట్రినిన్ కాదు, తయారీలో చొరబడిన మరొక బూజు వదిలిన ప్యూబెరులిక్ ఆమ్లం. ఏ బూజైతేనేమి, పోయినవి మూత్రపిండాలే. మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను ఆర్పిందో, పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేకంగా 200 పడకల ఆసుపత్రి తెరవవలసి వచ్చిందంటే చదువరులకు అర్థమవుతుంది. మా ఊళ్ళో ఇద్దరు కలిస్తే వర్షం సంగతి తరువాత అడిగేది, మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్ ఎంత అని. అటువంటి చోట పుట్టి, నొప్పి మాత్ర వేసుకోవడానికే పదిసార్లు ఆలోచించే నేను, బియ్యమే కదా అని ఏడు వారాలు కళ్ళు మూసుకుని మింగాను.

ఆ వారమే పరీక్ష చేయించాను, క్రియాటినిన్ 1.1 వచ్చింది. ఆ కాగితం చేతికి అందేవరకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. గుళికలు ఆపిన తరువాత పిక్కల నొప్పి తగ్గింది. మరి కొన్ని వారాలు ఆగి, డాక్టరుగారు తక్కువ మోతాదులో వేరొక స్టాటిన్ మొదలుపెట్టారు. దానితో నాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

సీసాలో ఇంకా 22 గుళికలు మిగిలాయి. మొన్న ఎదురింటాయన వచ్చి, వృథాగా పోనివ్వడమెందుకు, తనకూ కొలెస్ట్రాల్ ఉందని, సీసా ఇమ్మని అడిగారు. ఆయనకు 72 ఏళ్ళు. సీసా ఇవ్వకుండా, ముందు ఆయన క్రియాటినిన్ ఎంతో అడిగాను.