ఊపిరితిత్తుల స్కాన్‌లో గుండె కూడా ఉంటుంది

2021 మే నెలలో, కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగింది ఒకటే: "స్కోరెంత?" ఊపిరితిత్తుల్లో కోవిడ్ ఎంత పాకిందో సీటీ స్కాన్ చూసి వేసే మార్కులవి. నాకు 25కి 17 వచ్చింది. సీటీ మెషిన్ మీద పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసు. కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, అంటే భాగాలు, ఎడమ దాంట్లో రెండు. ఒక్కోదానిలో జబ్బు ఎంతమేర పాకిందో చూసి 5కి మార్కులు వేస్తారు, 75 శాతం దాటితే 5. అన్నీ కూడితే స్కోరు. అందులో గుండెకు ఒక్క మార్కూ లేదు.

కానీ గుండె ఆ స్కాన్‌లోనే ఉంటుంది. ఛాతీ మొత్తం తీసేటప్పుడు దాన్ని వదిలేసి తీయడం కుదరదు. స్కాన్ బొమ్మలో నలుపు తెలుపుల అమరికను విండో అంటారు. ఊపిరితిత్తులు చూడ్డానికి విండో లెవెల్ మైనస్ 600, వెడల్పు 1500 పెడతారు. అప్పుడు గుండె ఒట్టి తెల్లటి ముద్ద. అదే బొమ్మను లెవెల్ 40, వెడల్పు 400కి మారిస్తే గుండె రక్తనాళాల గోడల్లో కొవ్వుతో పాటు పేరుకున్న కాల్షియం చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. గుండె చుట్టూ పొరలో నీరు చేరినా తెలుస్తుంది. కొత్త స్కాన్ అక్కర్లేదు, అదనపు రేడియేషన్ లేదు, ఒక్క బటన్ నొక్కితే చాలు. నా మొదటి రిపోర్టులో ఊపిరితిత్తుల గురించి పేజీ నిండా రాసి, గుండె దగ్గర "నార్మల్" అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. రోజుకు వందల స్కాన్లు చదివే ఒత్తిడి నాకు తెలుసు. చూడనప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేయాలి, నార్మల్ అని రాయకూడదు.

మందులు, స్టెరాయిడ్లు, బోర్లా పడుకోవడం అందరికీ జరిగినట్టే జరిగాయి. కాస్త తేరుకుంటున్నాననుకున్న రాత్రి ఉన్నట్టుండి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94 నుంచి 86కి పడిపోయింది. పల్స్ 130. డ్యూటీ డాక్టర్ మంచం కొస నుంచే, "కోవిడ్‌లో ఆయాసం మామూలే, టెన్షన్ పడకండి" అని వెళ్లిపోయారు. టెన్షన్‌తో సాచురేషన్ అలా పడిపోదు. ఊపిరితిత్తుల్లో జబ్బు అంతగా పెరగకుండానే ఆక్సిజన్ అవసరం ఒక్కసారిగా పెరిగి, గుండె పరుగెడుతుంటే రక్తం గడ్డ కట్టిందేమోనని ముందు అనుమానించాలి. ఊపిరితిత్తుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది నైట్ సిస్టర్. ఆ సిస్టర్ పేరు కూడా నాకు తెలియదు, పీపీఈ కిట్‌లో కళ్లు మాత్రమే చూశాను. ఆ తల్లి చల్లగా ఉండాలి. డాక్టరమ్మ ఈసీజీ తీయించి, డీ-డైమర్ (రక్తం గడ్డల జాడ చెప్పేది), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) రక్తపరీక్షలు పంపారు. ఆ రక్తపరీక్షలు రెండూ పెరిగి ఉన్నాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉందని చూసుకుని, రంగు మందుతో ఊపిరితిత్తుల రక్తనాళాలను చూసే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ రాశారు.

ఈ పరీక్ష చాలావరకు చెడిపోయేది మెషిన్‌లోకి వెళ్లకముందే. మందు సెకనుకు 4 నుంచి 5 మిల్లీలీటర్ల వేగంతో వెళ్లాలి. చేతి వెనక ఉండే నీలం రంగు 22 గేజ్ కాన్యులా (మందు ఎక్కించే సన్నటి గొట్టం) దానికి తట్టుకోదు, నరం పగిలి మందు చర్మం కిందికి పోతుంది. మోచేతి మడతలో ఆకుపచ్చ 18 గానీ, కనీసం గులాబీ 20 గానీ ఉండాలి. ఆక్సిజన్ సిలిండర్ లెక్క మరొకటి. నిండు బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 15 లీటర్ల మీద అది గంటా నలభై నిమిషాలు వస్తుంది. గేజ్ ముల్లు సగంలో ఉంటే యాభై నిమిషాలే. లిఫ్ట్ కోసం ఆగడం, టేబుల్ మీదికి మార్చడం అన్నీ అందులోనే. వెల్లకిలా పడుకోబెట్టగానే సాచురేషన్ ఇంకా తగ్గొచ్చు కాబట్టి తల కింద మడత దిండు, ముఖానికి మాస్క్ ఆఖరి క్షణం దాకా ఉంచాలి.

టెక్నీషియన్ కుర్రాడు నా చెవి దగ్గరకొచ్చి, "అన్నా, గట్టిగా పీల్చొద్దు. మామూలుగా పీల్చి ఆపు" అన్నాడు. ఎంత మంది మర్చిపోతారో ఈ మాట! గట్టిగా పీలిస్తే పొట్టలోంచి వచ్చే పెద్ద సిర నుంచి మందు కలవని రక్తం ఎగదన్నుకొచ్చి, సరిగ్గా చూడాల్సిన నాళంలో మందును పల్చన చేసేస్తుంది. గడ్డ ఉందో లేదో తేల్చలేని బొమ్మ వస్తుంది. ఒళ్లంతా వేడి పాకింది, ఊపిరి బిగబట్టాను, వేంకటేశ్వరస్వామిని తలుచుకున్నాను. నాలుగైదు సెకన్లలో అయిపోయింది.

కుడి కింది లోబ్‌కు వెళ్లే చిన్న కొమ్మల్లో గడ్డలు కనిపించాయి. డాక్టరమ్మ అక్కడితో ఆగకుండా రేడియాలజిస్టును గుండె కొలతలు కూడా అడిగారు. గుండె కుడి జఠరిక (కింది గది) వెడల్పును ఎడమ దానితో పోల్చి చూస్తారు. నిష్పత్తి 1 దాటినా, మధ్య గోడ ఎడమకు ఒరిగినా, మందు కాలేయం సిరల్లోకి వెనక్కి తన్నినా కుడి గుండె అలిసిపోతోందని అర్థం. నాకు ఆ మూడూ లేవు. అందుకే గడ్డ కరిగించే మందు జోలికి పోకుండా, కిలో బరువుకు 1 మిల్లీగ్రాము చొప్పున గడ్డ పెరగకుండా ఆపే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ పన్నెండు గంటలకొకటి పొట్ట చర్మం కింద వేశారు. గుండె ముందు భాగం మీదుగా కిందికి దిగే ఎడమ వైపు ముఖ్య రక్తనాళంలో కాల్షియం ఉందని ఆ రాత్రి రిపోర్టులోనే మొదటిసారి రాశారు. మొదటి స్కాన్ విండో మార్చి చూస్తే అందులోనూ ఉంది.

గుండె నాళాల యాంజియోగ్రామ్ కూడా అప్పుడే చేసేయొచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. దానికి పల్స్ 65 లోపు ఉండాలి, ఊపిరి నిలకడగా ఆపగలగాలి. ఆయాసంలో ఉన్న మనిషికి పల్స్ తగ్గించే మందు ఇవ్వడం ప్రమాదం, బొమ్మ కూడా చెదిరిపోతుంది. గుండె లయకు తగ్గట్టు తీసేలా ఈసీజీతో జత చేయని మామూలు స్కాన్‌లో కాల్షియానికి కచ్చితమైన అంకె రాదు. గుండెకున్న నాలుగు ముఖ్య నాళాలకూ 0 నుంచి 3 వరకు కంటితో వేసి 12కి లెక్కిస్తే చాలు, లేదు, కొద్దిగా, ఎక్కువ అని తెలుస్తుంది. కోలుకున్నాక ఈసీజీతో జతచేసి 3 మిల్లీమీటర్ల ముక్కలతో తీసిన స్కాన్‌లో నా అగాట్‌స్టన్ స్కోరు (నాళాల్లో కాల్షియం ఎంతుందో చెప్పే అంకె) 100 దాటింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టారు. సున్నా వచ్చినవాళ్లు కూడా ఛాతీ నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. గట్టిపడని మెత్తటి కొవ్వు ఆ లెక్కలోకి రాదు.

మీ ఇంట్లో ఎవరైనా కోవిడ్‌తో ఆస్పత్రిలో ఉండి స్కాన్ తీయించుకుని ఉంటే ఫిల్ముతో సరిపెట్టుకోకండి, సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద విండో మార్చలేరు, సీడీలో మార్చొచ్చు. దాన్ని గుండె డాక్టరుకు ఇచ్చి రెండే అడగండి: నాళాల్లో కాల్షియం ఉందా, గుండె చుట్టూ నీరుందా? నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఇంకా ముందు అడగండి. అప్పటి సీడీ ఇంట్లో ఉంటే దీనికోసం మళ్లీ స్కాన్ తీయించుకోనక్కర్లేదు.