వెస్ట్ పాకెట్ కొడాక్ ఆటోగ్రాఫిక్: బెలోస్ నుంచి ఫిల్మ్ దాకా

ఇది జేబులో పట్టే, మడతపెట్టే పాత కొడాక్ కెమెరా (ఇక్కడ ‘వెస్ట్’ అంటే లోకోటు), 1915లో వచ్చిన రకం. దాన్ని మళ్లీ ఫొటోలు తీసేలా మూడు వారాల్లో బాగుచేశాం. బొమ్మ కొలత 4×6.5 సెం.మీ., ఫిల్మ్ 127 అనే సన్నని రోలు రకం. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు జేబుల్లో పెట్టుకెళ్లింది ఈ కెమెరానే. 1924లో ఎవరెస్టు మీద కనుమరుగైన పర్వతారోహకుడు మేలరీ దగ్గరున్నదీ వెస్ట్ పాకెట్ కొడాకే అంటారు, అది ఇంకా దొరకలేదు.

మొదటి వారం, బెలోస్, అంటే లెన్స్‌కూ వెనక భాగానికీ మధ్య మడతలు పడే తోలు గొట్టం. చీకటి గదిలో లోపల చిన్న టార్చి పెట్టి చూస్తే 11 చిల్లులు. అన్నీ మడతల మూలల్లోనే, ఎందుకంటే తోలు రెండువైపులా విరిగేది అక్కడే. నల్ల ఆక్రిలిక్ రంగులో కాస్త తెల్ల జిగురు కలిపి పూశాం. మొదటి పూత మందమైంది. ఆరాక బెలోస్ మడత పడక ముందుభాగం లోపలికి పోలేదు. గీకేసి, సన్నని బ్రష్షుతో మూడు పలుచని పూతలు వేశాం. ఒక్కో పూత ఆరేదాకా బెలోస్ చాచే ఉంచాలి. మ్యూజియంలో భద్రపరిచే కెమెరాకు మాత్రం ఇది వద్దు: అక్కడ చిల్లు కూడా వస్తువు చరిత్రలో భాగమే.

రెండో వారం, షట్టర్, అంటే వెలుతురును క్షణకాలం లోపలికి వదిలే పలకలు. నూనె వేయకండి. పలకలకు అంటుకుని దుమ్ము పట్టి, షట్టర్ మరీ నెమ్మదిస్తుంది. లైటర్ పెట్రోలు రెండు చుక్కలు చాలు, ఆరనిచ్చి ఇరవైసార్లు నొక్కాలి. వేగాన్ని ఫోన్లో సెకనుకు 240 ఫ్రేముల వీడియోతో కొలిచాం. 1/50 సెకనుకి అయిదు ఫ్రేములు రావాలి, ఏడు వచ్చాయి, అంటే దాదాపు 1/34. 1/25కి పది రావాల్సిన చోట పద్నాలుగు. స్ప్రింగు ముట్టుకోలేదు, ఆ లెక్కనే ఎక్స్‌పోజర్ సరిచూసుకుంటే చాలు.

ఆటోగ్రాఫిక్ తలుపు. వెనకున్న చిన్న తలుపు తెరిచి స్టైలస్‌తో (మొనదేలిన పుల్లతో) రాసి, కాసేపు వెలుతురు చూపిస్తే రాత నెగెటివ్ మీద పడేది. అందుకు ఫిల్మ్‌కూ దాని వెనకుండే కాగితానికీ మధ్య పలుచని కార్బన్ పొర ఉండాలి. ఆ ఫిల్మ్ 1932లో ఆగిపోయింది. ఇప్పుడా తలుపు వెలుతురు దూరే దారి మాత్రమే. అంచున నల్ల ఫెల్టు అంటించాం. ఫ్రేము అంకె చూసుకునే వెనకవైపు ఎర్ర కిటికీకి కూడా నల్ల టేపు తప్పదు: పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనిపించేది కాదు, నేటి పాన్‌క్రోమాటిక్‌కు కనిపిస్తుంది.

మూడో వారం, ఫిల్మ్. ఇంకా వెడల్పైన 120 రకం రోలును పూర్తి చీకటిలో 46 మి.మీ. వెడల్పుకు కోసి, పాత 127 స్పూలుకు (ఫిల్మ్ చుట్టే కండెకు) చుట్టాం. పొడవూ తగ్గించాలి, లేకుంటే బిగుసుకుంటుంది. వెనక తలుపు లేదు కాబట్టి పక్క మూత తీసి రెండు స్పూళ్లనూ ఒకేసారి దించాలి. కాగితం వాలితే అంచు చిరుగుతుంది. కోశాక కాగితం మీది అంకెలు కిటికీకి ఎదురు రావు. అందుకే ఫిల్మ్‌ను ముందుకు తిప్పే తాళం చుట్లు లెక్కపెట్టాం. అన్ని ఫ్రేములకూ ఒకే లెక్క వాడడంతో చివరి ఫ్రేముల మధ్య ఖాళీ మరీ ఎక్కువైంది: ఫిల్మ్ చుట్టుకున్నకొద్దీ స్పూలు లావై, ఒక చుట్టుకే ఎక్కువ ఫిల్మ్ లాగుతుంది. వచ్చే రోలుకు ముందు వాడిన కాగితం మీద 6.5 సెం.మీ.కి కాస్త ఎక్కువ దూరానికొక గీత గీసి, ఒక్కో ఫ్రేముకు ఎన్ని చుట్లో రాసిపెట్టుకోవాలి.