అతుకుల మిషనుతో ఆరు వారాలు

ఒక తోలు భుజం సంచికి నేను వేసే కుట్టు సుమారు రెండున్నర మీటర్లు. ఆరెతో కన్నం పొడుచుకుంటూ, రెండు సూదులతో అటూ ఇటూ లాగుతూ కుడితే రెండు ఆదివారాలు పడుతుంది. మూడేళ్లు అలాగే చేశాను. వేళ్లు కాయలు కాశాక మిషను కొందామనిపించింది.

సికింద్రాబాద్‌లో చెప్పుల కొట్టు మూసేస్తున్న ఒక పెద్దాయన దగ్గర సింగర్ 29కె దొరికింది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మీరూ చూసే ఉంటారు. కొంగ మెడలా పొడవాటి సన్నటి చెయ్యి, పక్కన పెద్ద చక్రం. బూటును ఆ చేతికి తొడిగేసి లోపలి దాకా కుట్టొచ్చు. ‘కె’ అంటే కిల్‌బౌవీ, స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గరున్న సింగర్ ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది గానీ, అక్కడి రైల్వే స్టేషన్‌ పేరు ఇప్పటికీ సింగరే.

‘ఏం కుడతవ్ బిడ్డా?’ అని అడిగాడాయన. బెల్టులు, బ్యాగులు అన్నాను. ‘బెల్టులకైతే తీసుకోకు. ఇది అతుకుల మిషను.’ నవ్వి ఊరుకున్నాను. ఆ మాట ఎంత నిజమో తెలియడానికి నాలుగు వారాలు పట్టింది.

కొనేముందు రెండు పరీక్షలు చేశాను. పాత మిషను కొనేవాళ్లెవరైనా ఇవి చేసి తీరాలి. ఒకటి, దారం తీసేసి తెల్లకాగితం మీద కుట్టి చూడటం. ఈ మిషన్‌లో బట్టల మిషనుకున్నట్టు కింద నుంచి జరిపే పళ్లుండవు, పైనున్న పాదమే తోలును లాగుతుంది. ఆ పాదం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఎటు తిప్పితే అటు కుట్టొచ్చు. నాలుగు దిక్కులా తిప్పి కన్నాల మధ్య దూరం కొలిచాను. ఒకవైపు రెండున్నర మిల్లీమీటర్లు, ఎదురువైపు రెండు కూడా లేదు. రెండోది, చక్రాన్ని చేత్తో కొంచెం ముందుకూ వెనక్కూ ఆడించి, చెయ్యి కొనలో ఉన్న షటిల్ (కింది దారాన్ని పై దారంతో ముడివేసేది) ఎంత ఆలస్యంగా కదులుతుందో చూడటం. చేతి లోపల పళ్ల కడ్డీ అరిగితే ఆ ఆలస్యం పెరుగుతుంది, కుట్లు తప్పుతాయి. నా మిషన్‌లో అది ఫర్వాలేదు. కుట్టు పొట్టిగా వస్తోందని చూపిస్తే రెండు వేలు తగ్గించాడు. స్టాండుతో కలిపి పదకొండు వేలు. ఆటో ట్రాలీకి తొమ్మిది వందలు. మూడో అంతస్తుకు ఎక్కించిన తమ్ముళ్లిద్దరికీ బిర్యానీ.

మొదటి రెండు వారాలూ కిరసనాయిలుతోనే గడిచిపోయాయి. ఎన్నేళ్ల మైనమో, దుమ్ముతో కలిసి తారులా గట్టిపడింది. టెన్షన్ బిళ్లల మధ్య నల్లటి దారపు పీచు ఇరుక్కుని ఉంది. అది తీయకముందు ఎంత బిగించినా కింద దారం గూడు కట్టేది.

కుట్టు పొట్టిగా రావడానికి కారణం, పాదాన్ని నెట్టే లీవరు కొన అరిగి గుంటపడటం. గ్యాస్ వెల్డింగ్ అతను ఆ గుంటలో ఇత్తడి నింపాడు, మూడు వందల యాభై తీసుకున్నాడు. ఇంటికొచ్చి ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, కాగితం మీద కుట్టి చూసుకుంటూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఇప్పుడు మూడున్నర మిల్లీమీటర్లు వస్తోంది, అన్ని దిక్కులా దాదాపు సమానంగా.

దారం ఎక్కించడం ఒక పెద్ద తతంగం. సూది కడ్డీ బోలుగా ఉంటుంది, దాని లోపలి నుంచే దారాన్ని కిందికి దింపాలి. అందుకు కొనలో కొక్కెం ఉన్న పొడవాటి తీగ కావాలి. మిషనుతో అది రాలేదు. పాత సైకిల్ బ్రేకు వైరులోంచి ఒక పోగు లాగి, కొనను పట్టకారుతో వంచాను. మొదటిసారి కొక్కెం లావై మధ్యలో ఇరుక్కుంది. రెండోసారి సుత్తితో నలగ్గొట్టి పల్చన చేశాక దిగింది. ఆ తీగ ఇప్పుడు స్టాండుకే వేలాడుతోంది. అది పోతే ఆ రోజుకి పని బందే.

ఇంట్లో బట్టల మిషను సూదులు దీనికి పట్టవు. తోలు మొన ఉన్న 29×4 రకం అడగాలి. 18 నంబరు సూది, టెక్స్ 70 మందం బాండెడ్ నైలాన్ దారం, ఈ జోడీ నాకు కుదిరింది. అంతకంటే చాలా లావు దారానికి ఆశపడొద్దు, షటిల్ చిన్నది. బాబిన్ మరీ చిన్నది, సంచి అంచు పూర్తికాకుండానే అయిపోతుంది. ఇప్పుడు నాలుగు బాబిన్లు ముందే చుట్టి పెట్టుకుంటున్నాను.

నాలుగో వారం బెల్టు మొదలుపెట్టాను. రెండు పొరలూ కలిపి ఏడు మిల్లీమీటర్లు. పాదం అంత ఎత్తుకు లేచేసరికి దాని అడుగు కురచైపోయింది. మూడున్నర కుట్టు రెండుకు పడిపోయింది, మధ్యలో రెండు కుట్లు తప్పాయి, సూది విరిగింది. పైగా పాదం పళ్ల గుర్తులు వరసగా పడ్డాయి. అది చెన్నై పెరియమేట్‌లో కొన్న తోలు, తంగేడు చెక్కతో పదును చేసింది. మనం బతుకమ్మలో పేర్చే తంగేడే. రంగు వేయని ఆ లేత తోలు మీద గోరు గీరినా కనబడుతుంది, ఇక పళ్ల సంగతి చెప్పాలా? విడిగా ఒక పాదం కొని, పళ్ల మొనలు ఎమరీ కాగితంతో నున్నగా చేశాను. గుర్తులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మరీ నున్నగా చేస్తే తోలును లాగదు, జారిపోతుంది.

అయిదో వారం భుజం సంచి. ఒక్కో పొర ఒకటిన్నర మిల్లీమీటర్లు, అతుకు దగ్గర మూడు. మూలల్లో ఎప్పుడూ నన్ను ఏడిపించే మలుపు ఉంటుంది. ఈసారి సంచిని కదపలేదు, పాదాన్నే తిప్పుకుంటూ పోయాను. చక్రం చేత్తో తిప్పుతూ, ఒక్కో కుట్టూ చూసుకుంటూ. తొక్కుడుకు బెల్టు ఇంకా తగిలించలేదు, ఆ వేగం నాకు అక్కర్లేదు. కుట్టంతా మూడు గంటల్లో అయిపోయింది.

ఆ రాత్రి పెద్దాయనకి ఫోన్ చేసి సంచి ఫోటో పంపానని చెప్పాను. ‘బెల్టు ఏమాయె?’ అన్నాడు.

ఈ వారం మా బావ ప్రయాణపు బ్యాగుకి జిప్పు మార్చాలి. అడుగున మూల చిరిగి ఉంది, అక్కడ అతుకు కూడా వేయాలి. బెల్టు కుట్లు విప్పేశాను. పాత కన్నాలకు లోపలగా కొత్త గీత గీసి, ఆరె, రెండు సూదులూ పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికి ఒక జానెడు అయింది.