జుదేరియా వీధుల్లో మా అమ్మాయి అడిగిన ప్రశ్న

"హాలిడే అంటే పూల్ అమ్మా. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళు చూడ్డం హాలిడే కాదు." మా అబ్బాయి ఈ మాట అన్నది గ్రీసులోని రోడ్స్ దీవిలో, ఒక ఫైవ్ స్టార్ రిసార్ట్‌లో, మెడదాకా నీళ్ళలో ఉండి. వాడికి తొమ్మిదేళ్ళు, వాళ్ళక్కకి పన్నెండు. ఎప్పుడూ ఒకరి మాట ఒకరికి గిట్టదు. ఆ రోజు మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు.

నేను ఒప్పుకోలేదు. ఆ దీవిని ఎంచుకున్నదే పాతబస్తీలోని యూదుల పేట కోసం. అమ్మాయి బడిలో హోలోకాస్ట్ పాఠం, అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూదుల్ని చంపిన చరిత్ర, మొదలైంది. ఆ పాఠం జర్మనీ, పోలండ్‌ల చుట్టూనే తిరిగింది. వెచ్చటి సముద్రం, అంజూరపు చెట్లు ఉన్న చోట కూడా అదే జరిగిందని వాళ్ళకి తెలియాలనిపించింది. గది ముందే కొలను ఉన్న హోటల్ బుక్ చేసింది కూడా నేనే. పిల్లలకి ఇంత సుఖం అలవాటు కాకూడదని ఏడాది పొడుగునా అంటాను, సెలవు రాగానే ఆ సుఖాన్నే కొనిపెడతాను. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదర్చాలో నాకు ఇప్పటికీ తెలియదు. మా నాన్న మమ్మల్ని మే నెల ఎండలో అమరావతి, నాగార్జునకొండ తిప్పేవారు, సోడా తప్ప ఇంకే సుఖమూ లేకుండా. ఆ రాళ్ళు నాకు ఇవాళ్టికీ గుర్తున్నాయి. అందుకే ఈ మొండితనం.

ఒక సలహా మాత్రం ధైర్యంగా చెప్పగలను. ఎండాకాలంలో అక్కడికి వెళ్తే ఉదయం ఎనిమిదికల్లా బయల్దేరండి, పదకొండున్నరకి తిరిగి వచ్చెయ్యండి. మధ్యాహ్నమంతా పిల్లలకి వదిలెయ్యండి. మాకు ఈ ఒప్పందంతోనే పని జరిగింది.

పాతబస్తీ మా అబ్బాయిని వెంటనే పట్టేసింది. 1309 నుంచి 1522 దాకా ఆ దీవిని ఏలిన సెయింట్ జాన్ యోధులు కట్టిన గోడలు, ఎండిన కందకం, ఫిరంగుల రాతి గుండ్లు చూసి పూల్ సంగతి మర్చిపోయాడు. వాడి మనసంతా కొలోసస్ మీదే. క్రీ.పూ. 305లో డెమెట్రియస్ అనే రాజు రోడ్స్‌ని ముట్టడించి, ఏడాది తర్వాత చేతకాక వెళ్ళిపోతూ యుద్ధ యంత్రాలన్నీ అక్కడే వదిలేశాడు. వాటిని అమ్మిన డబ్బుతో లిండోస్ ఊరి శిల్పి ఖారెస్ సూర్యదేవుడి కంచు విగ్రహం నిలబెట్టాడు. సుమారు 33 మీటర్ల ఎత్తు. యాభై ఏళ్ళు దాటాయో లేదో, క్రీ.పూ. 226 ప్రాంతంలో భూకంపానికి మోకాళ్ళ దగ్గర విరిగి పడింది. ఇప్పుడు దాని ముక్క కూడా లేదు. కానీ ఏ దుకాణంలో చూసినా ఫ్రిజ్‌కి అంటించుకునే ఆ బొమ్మే.

ఊరి పైన కొండ మీద అపోలో గుడి స్తంభాలు కొన్ని మిగిలాయి. అక్కడ వాళ్ళకి హెరోదు కథ చెప్పాను. క్రీ.పూ. 30లో, రోమన్ల అంతర్యుద్ధంలో ఆంటోనీ ఓడిపోయాక, అతని పక్షాన నిలిచిన యూదుల రాజు హెరోదు గెలిచిన ఆక్టేవియన్‌ని కలవడానికి రోడ్స్‌కే వచ్చాడు. కిరీటం తీసేసి ఎదురుగా నిలబడి, ఆంటోనీకి నేను నమ్మకమైన స్నేహితుడినే అని దాచకుండా చెప్పాడట. ఆక్టేవియన్ కిరీటం తిరిగి ఇచ్చేశాడు. రోడ్స్‌లో కాలిపోయిన అపోలో గుడిని హెరోదు తన డబ్బుతో మళ్ళీ కట్టించాడని చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. "యూదుల రాజు వేరే దేవుడికి గుడి కట్టించాడా?" అని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. పండక్కి మన గుడికీ, డిసెంబరులో బడి తరఫున చర్చికీ వెళ్ళే పిల్ల అది. దానికి ఆ ప్రశ్న రావడం నాకు నచ్చింది. జవాబు చెప్పలేదు.

యూదుల పేట కోట గోడల లోపలే, తూర్పు వైపున ఉంది. జుదేరియా అంటారు. అక్కడి కహల్ షాలోమ్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, 1577 నాటిది. గ్రీసులో ఇంకా ప్రార్థన జరుగుతున్న సినగాగ్‌లలో అదే అన్నిటికన్నా పాతది. నల్లవీ తెల్లవీ గులకరాళ్ళు ముగ్గుల్లా పేర్చిన నేల, నడి మధ్యన ప్రార్థన వేదిక. పూర్వం ఆడవాళ్ళు పక్క గదుల్లో కూర్చునేవారు. ఇప్పుడు ఆ గదుల్లో మ్యూజియం పెట్టారు. పెళ్ళి బట్టలు, పాత ఫోటోలు, ఆఫ్రికాకీ అమెరికాకీ వెళ్ళిన కుటుంబాల కాగితాలు.

ఆ ఫోటోల ముందు నిలబడి మా అమ్మాయి అడిగింది. "వీళ్ళు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్ళు?"

ఆ ప్రశ్న దాని నోట రావడం నాకు చిన్న విషయం కాదు. మేం రోడ్స్ బయల్దేరేముందే ఇంట్లో పెద్ద గొడవ. ఇక తెలుగు క్లాసుకి వెళ్ళనని, అమ్మమ్మతో ఇంగ్లీషులోనే మాట్లాడతానని, ఆవిడకీ ఇంగ్లీషు వచ్చుగా అని తేల్చి చెప్పేసింది. నేను అరిచాను, అది ఏడ్చింది. రోడ్స్‌లో ఆ ఊసు ఎత్తకూడదనుకున్నాను. ఎత్తింది అదే, తనకి తెలియకుండానే.

ఆ దీవిలో యూదులు రెండు వేల ఏళ్ళకి పైగా ఉన్నారు. 12వ శతాబ్దంలో ట్యుడెలా నుంచి వచ్చిన యాత్రికుడు బెంజమిన్ సుమారు 400 మందిని చూశానని రాసుకున్నాడు. అప్పటివాళ్ళు గ్రీకు మాట్లాడేవారు. 1492లో స్పెయిన్ తన యూదుల్ని వెళ్ళగొట్టింది. 1522లో రోడ్స్ ఒట్టోమన్ తురుష్కుల చేతికి వచ్చాక ఆ స్పెయిన్ కుటుంబాలు ఇక్కడికి చేరాయి. తమతో తెచ్చుకున్న పాత స్పానిష్‌ని, ఇప్పుడు లదీనో అంటున్న భాషని, వదల్లేదు. చుట్టూ గ్రీకు, పైన టర్కిష్ ప్రభువులు, తర్వాత ఫ్రెంచి బడులు, 1912 నుంచి ఇటలీ పాలన. అయినా నాలుగు వందల ఏళ్ళు ఇళ్ళల్లో లదీనోయే. జోలపాటలూ ఆ భాషలోనే, తిట్లూ శాపనార్థాలూ ఆ భాషలోనే.

"క్లాసులు ఉండేవా?" అంది మా అమ్మాయి. లేవని చెప్పాను. అమ్మలూ అమ్మమ్మలూ వీధి అరుగుల మీద మాట్లాడుకుంటుంటే పిల్లలకి వచ్చేసేది. అది ఏమీ అనలేదు. నేనే ఆ జవాబు దగ్గర ఆగిపోయాను.

తర్వాత చెప్పాల్సింది చెప్పడమే కష్టం. తొమ్మిదేళ్ళవాడికి ఎంతవరకు చెప్పాలి? మా ఆయన వాడికి వద్దన్నారు. నేను చెప్పాలన్నాను. చివరికి సామి మొదియానో కథతో మొదలుపెట్టాను. 1930లో రోడ్స్‌లో పుట్టారు. 1938లో ఇటలీ జాతి చట్టాలు తెచ్చినప్పుడు, ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి యూదుడని బడి నుంచి పంపేశారు. "హోంవర్క్ చెయ్యలేదా?" అన్నాడు మావాడు. చేశాడు నాన్నా, బాగా చదివేవాడు. వాడికి అర్థం కాలేదు. అర్థం కానంతకాలం మంచిదే అనిపించింది, అర్థం కాకపోతే ఎలా అని కూడా అనిపించింది.

1944 జులైలో, అప్పటికి దీవిని ఇటలీ చేతిలోంచి తీసేసుకున్న జర్మన్లు మొదట మగవాళ్ళని, తర్వాత ఆడవాళ్ళని, పిల్లల్ని పిలిపించి నిర్బంధించారు. విలువైన వస్తువులు వెంట తెచ్చుకోమన్నారు. జులై 23న అందరినీ రేవుకి నడిపించి, సరుకుల పడవల్లోకి ఎక్కించారు. రోడ్స్ నుంచి 1,673 మంది. పడవల్లో ఏథెన్స్ దగ్గరి పిరేయస్‌కి, అక్కడి నుంచి రైలు పెట్టెల్లో ఆగస్టు 16న పోలండ్‌లోని నాజీల మారణ శిబిరం ఆష్విట్జ్‌కి. రోమ్ అప్పటికే విముక్తమైంది. నార్మండీలో మిత్రసైన్యాలు దిగి నెలన్నర దాటింది. యుద్ధం ఓడిపోతున్నామని తెలిసి కూడా అంత దూరం తీసుకెళ్ళారు. బతికి బయటపడినవాళ్ళు 151 మంది. సామి తండ్రితో, అక్కతో కలిసి వెళ్ళారు, తిరిగొచ్చింది ఆయనొక్కరే. అక్క అనగానే మావాడు వాళ్ళక్క చెయ్యి పట్టుకున్నాడు. అంతకు మించి వాడికి చెప్పలేదు.

అమ్మాయికి ఇంకొకటి చెప్పాను. అక్కడి టర్కీ కాన్సుల్ సెలహట్టిన్ ఉల్కుమెన్, ముప్ఫై ఏళ్ళ మనిషి, జర్మన్ అధికారి దగ్గరికెళ్ళి టర్కీ పౌరుల్ని వదిలిపెట్టమన్నాడు. వాళ్ళ భార్యల్ని, భర్తల్ని కూడా వదలాలి, మా చట్టం ప్రకారం వాళ్ళూ మా పౌరులే అన్నాడు. అలాంటి చట్టం ఏదీ లేదు. సుమారు 50 మంది ప్రాణాలు దక్కాయి. ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెమ్ 1989లో ఆయన్ని గౌరవించింది. "అబద్ధం చెప్పాడన్నమాట" అంది మెచ్చుకోలుగా. అబద్ధాలాడొద్దని దానికి నూరిపోసేదాన్ని నేనే. ఆ పూట సవరించలేదు.

నేను ఇంటికొచ్చాక కూడా వదలని ఆలోచన ఒకటుంది. 1920లు, 30ల్లో రోడ్స్ కుర్రాళ్ళు చాలామంది బతుకుతెరువు కోసం దేశాలు పట్టారు. బెల్జియన్ కాంగో, రొడీషియా, సియాటిల్, లాస్ ఏంజెలెస్, అట్లాంటా. ఆ వెళ్ళినవాళ్ళే మిగిలారు. సినగాగ్ బాగోగులు, మ్యూజియం, జులైలో జరిగే స్మారక సభలు, అన్నిటి వెనకా ఆ కుటుంబాల పిల్లలూ మనవలే ఉన్నారు. మా అమ్మాయి వెంటనే అంది, "అంటే సియాటిల్ వెళ్ళినవాళ్ళు మనలాంటివాళ్ళేగా?"

ఈ పోలిక దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. బలవంతాన పడవలెక్కాల్సి వచ్చినవాళ్ళతో మనకి ఏ పోలికా లేదు. మనం వీసా తీసుకుని, మంచి జీతం కోసం ఇష్టపడి వచ్చాం. అమ్మమ్మ ఇల్లు అక్కడే ఉంది, టికెట్ కొంటే రేపు వెళ్ళొచ్చు. పేట మొత్తం ఖాళీ అయిపోయినవాళ్ళ దుఃఖాన్ని మన బెంగలోకి లాక్కోవడం తప్పు. ప్రవాసంలో మనందరికీ ఈ అలవాటు ఉంది, ఎవరి చరిత్ర చూసినా అందులో మన ముఖం వెతుక్కుంటాం. పిల్లలకి అది అంటకూడదు. ఇంకొకరి బాధ ఇంకొకరిదిగానే తెలియాలి.

కానీ సియాటిల్ మాట నిజం. రోడ్స్‌లో లదీనో మాట్లాడేవాళ్ళని చంపేశారు. సియాటిల్‌లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. బడి, ఉద్యోగం, దూరం దూరంగా ఇళ్ళు, అంతే చాలింది. నాలుగు శతాబ్దాలు నిలిచిన భాష రెండు మూడు తరాల్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లోకి, పాటల్లోకి, వంటల పేర్లలోకి జారిపోయింది. మా వీధిలో తెలుగు ఇల్లు మాదొక్కటే. బడి బాగుందని ఏరికోరి కొన్న వీధి. అలాంటి చోట కూర్చుని, పన్నెండేళ్ళ పిల్లమీద ఒక భాష భారమంతా వేసి, అది మొయ్యట్లేదని అరుస్తున్నాను. అరుగుల మీద ఊరంతా కలిసి చేసిన పనిని శనివారం గంట క్లాసు చెయ్యగలదా? అలాగని వదిలెయ్యమంటారా? మా ఆయన వదిలెయ్యమనే అంటున్నారు. ఇష్టమైతే పెద్దయ్యాక అదే నేర్చుకుంటుందట. ఆ మాట నేను నమ్మలేకపోతున్నాను, కాదని వాదించడానికి నా దగ్గర రుజువూ లేదు.

రోడ్స్ నుంచి వచ్చాక అమ్మాయి ఫోన్లో అమ్మమ్మని అడిగింది, మన దగ్గర యూదులున్నారా అని. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మా అమ్మది తెనాలి. "ఉన్నారే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో" అంది. బెనే ఎఫ్రాయిమ్ అని తమని తాము పిలుచుకునే కుటుంబాలు. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. 1991లో చిన్న సినగాగ్ కూడా పెట్టుకున్నారు. తెలుగు మాట్లాడే యూదులు అనేసరికి మా అమ్మాయి స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవికి పెట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ భాషలో అని నేను చెవి ఒగ్గలేదు.

డిసెంబరులో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు కొత్తరెడ్డిపాలెం వెళ్దామంటోంది. ముందే కబురు చేసి, వాళ్ళు రమ్మంటేనే అని చెప్పాను. తెలుగు క్లాసు సంగతి ఇంకా తేలలేదు. పక్క ఊళ్ళో ఉన్న రెండు తెలుగు కుటుంబాలని శనివారం భోజనానికి పిలుస్తున్నాను, క్లాసు ఏదీ లేకుండా, ఊరికే. మేం పెద్దవాళ్ళం వంటింట్లో తెలుగులో మాట్లాడుకుంటాం. పిల్లలు పై గదిలో ఇంగ్లీషులో ఆడుకుంటారు. మాటలు అంత దూరం చేరతాయో లేదో నాకు తెలియదు. తలుపు మాత్రం తీసే ఉంచమని మా ఆయనకి చెప్పాను.