టెన్నిస్ బంతిని విసిరే ట్రెబుషే: కొలతలు, మేకు వంపు, వచ్చే తిప్పలు

ఇంట్లో క్యాటపుల్ట్ అనగానే రబ్బరు బ్యాండ్లు, ఐస్‌క్రీమ్ పుల్లలు గుర్తొస్తాయి. స్కూలు ప్రాజెక్టుకు అవి చాలు. కానీ రబ్బరు వాడేకొద్దీ సాగిపోతుంది, ఒక విసురుకీ ఇంకో విసురుకీ పొంతన ఉండదు. బరువుతో నడిచే ట్రెబుషేకి ఆ గొడవ లేదు. ఇరుసు మీద తిరిగే పొడవాటి వాసానికి ఒక చివర బరువు పడితే, రెండో చివర వడిసెలలోని బంతి ఎగిరిపోతుంది; ఇక్కడ ఆ బరువు ఒక ఇసుక డబ్బా. ఇసుక డబ్బా ప్రతిసారీ అదే ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి బంతి కూడా ఇంచుమించు అదే చోట పడుతుంది. దాంతో ఏది మారిస్తే ఏం జరిగిందో తేలిగ్గా తెలుస్తుంది. 1304లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్టర్లింగ్ కోట మీదికి తెచ్చిన 'వార్‌వుల్ఫ్' ఈ రకమే. లోపలివాళ్లు లొంగిపోతామన్నా, యంత్రాన్ని ఒకసారి వాడి చూశాకే ఒప్పుకున్నాడట. అంత కష్టపడి కట్టించాక ఆ మాత్రం సరదా ఉంటుంది మరి.

ముందు లెక్క చూద్దాం. పడే బరువు బంతికి వంద రెట్లు ఉంటే మంచిది. టెన్నిస్ బంతి సుమారు 58 గ్రాములు, కాబట్టి బరువు 6 కిలోలు. వంటనూనె 5 లీటర్ల ఖాళీ డబ్బాలో ముప్పావు వంతు పొడి ఇసుక పోస్తే దాదాపు అంతే తూగుతుంది. మిగిలిన ఖాళీలో పాత గుడ్డలు కుక్కండి, లేకపోతే ఇసుక లోపల అటూఇటూ కదిలి కొంత శక్తి తినేస్తుంది. మా కొలతల్లో డబ్బా 34 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఎక్కడా ఏమీ వృథా కాకపోతే బంతి వెళ్లగలిగే దూరం: 2 × (6000 ÷ 58) × 0.34, అంటే 70 మీటర్లు. నిజంగా వచ్చేది అందులో మూడో వంతు, 20 నుంచి 25 మీటర్లు. మిగతాది వాసాన్ని తిప్పడానికి, ఇరుసు రాపిడికి, గాలికి పోతుంది.

వాసానికి 2×1 అంగుళాల చెక్క, 103 సెంటీమీటర్ల పొడవు. ఒక చివర నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర డబ్బా వేలాడే బోల్టుకు రంధ్రం, అక్కడి నుంచి 20 సెంటీమీటర్లకు ఇరుసు రంధ్రం. అవతల మిగిలేది 80, అంటే ఒకటికి నాలుగు పాళ్లు. ఏతం చూసినవాళ్లకు ఈ అమరిక కొత్తేమీ కాదు. చెక్క నిలబెట్టినట్టు, 2 అంగుళాల వైపు పైకీ కిందికీ ఉండాలి, పడుకోబెడితే వంగుతుంది. ఇరుసు దగ్గర ముడి ఉన్న చెక్క తీసుకోవద్దు, విరిగేది అక్కడే. టేకు దండగ; తేలిక చెక్క చాలు, నార నిటారుగా ఉంటే సరి. బంతి వైపు చివరను చిత్రిక పట్టి సన్నం చేయండి. ఎక్కువ వేగంతో తిరిగేది ఆ కొసే, అక్కడ తగ్గించిన ప్రతి గ్రాముకీ ఫలితం ఉంటుంది.

అడుగు చట్రానికి 2×2 చెక్క 120 సెంటీమీటర్లవి రెండు, స్తంభాలకు 65 సెంటీమీటర్లవి రెండు. స్తంభాల మధ్య లోపలి ఖాళీ 25 సెంటీమీటర్లు ఉంటేనే డబ్బా తగలకుండా ఊగుతుంది. ఇరుసు నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో రావాలి. వాసం పొట్టి వైపు 20, డబ్బా వేలాడే తాడు 5, డబ్బా 30 కలిపితే 55. నేలకు 5 మిగులుతుంది. ముందు మీ డబ్బా ఎత్తు కొలుచుకోండి, తేడా ఉంటే స్తంభాలు ఆ మేరకు పెంచండి. ఒక్కో స్తంభానికి ముందూ వెనకా ఒక్కో ఏటవాలు దన్ను (2×1, 70 సెంటీమీటర్లు) తప్పదు. దన్ను లేని చట్రం ప్రతి విసురుకీ ఊగుతుంది, ఆ ఊపు బంతికి చేరాల్సిన శక్తే. మేకులు కొట్టకండి, నాలుగు విసుర్లకు వదులవుతాయి. బోల్టు, వాషరు, నట్టు వాడండి.

ఇరుసుకు 12 మిల్లీమీటర్ల నున్నటి కడ్డీ, 40 సెంటీమీటర్లు. స్లాబుకు వాడే ఊచ వద్దు, దాని గాట్లు రంధ్రాన్ని కోసేస్తాయి. వాసం రంధ్రం 13 మిల్లీమీటర్లు వేసి లోపల కొవ్వొత్తి రుద్దితే చాలు. వాసం పక్కలకు జరగకుండా రెండు వైపులా 11 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు కడ్డీకి తొడగండి.

ఇక వడిసెల. పాత జీన్స్ గుడ్డ 20×12 సెంటీమీటర్లు కత్తిరించి, రెండు చివరలూ కుచ్చులా దగ్గరకు తీసి, 3 మిల్లీమీటర్ల అల్లిక నైలాన్ తాడుతో బిగించండి. పురికొస పనికిరాదు. వాసం కొస నుంచి గుడ్డ దాకా 70 సెంటీమీటర్లు ఉండాలి. ఒక తాడును వాసానికి శాశ్వతంగా కట్టేయాలి. రెండోదానికి కీ చైన్ రింగు కట్టి, వాసం కొసలో దిగ్గొట్టిన తల తీసేసిన మేకుకు తగిలించాలి. మేకు 2.5 సెంటీమీటర్లు బయటికి ఉండాలి. ముందు సన్న డ్రిల్లుతో దారి చేయకుండా కొడితే చెక్క నిలువునా చీలుతుంది. మేకు మొనను ఆకురాయితో నున్నగా రుద్దండి.

అసలు పనితనమంతా ఈ మేకులోనే ఉంది. దూరం రాకపోతే చాలామంది వెంటనే ఇంకో రెండు కిలోల ఇసుక పోస్తారు. అలా చేస్తే మేకు మీంచి రింగు జారి బంతి వదిలే సమయం కూడా మారి, ఉన్న లెక్క కాస్తా పోతుంది. ముందు మేకు సరిచేయండి. బంతి నిట్టనిలువుగా పైకి లేచినా, వెనక్కి పడినా రింగు తొందరగా జారుతోందన్నమాట. మేకును విసిరే దిక్కుకు 5 డిగ్రీలు వంచండి. బంతి ముందు నేలకే కొట్టుకుంటే ఆలస్యంగా జారుతోంది. మేకు నిటారు చేయండి. అప్పటికీ మారకపోతే వడిసెల 3 సెంటీమీటర్లు కురచ చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. విసుర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే కారణం చాలావరకు మేకు గరుకు, లేదా బంతి జారే దారిలో అడ్డు. వాసం కిందుగా నేల మీద పాత ఫ్లెక్సీ ముక్క పరిస్తే బంతి సాఫీగా జారుతుంది.

విసిరేదాకా వాసాన్ని కిందికి పట్టి ఉంచడానికి పెద్ద బలం అక్కర్లేదు, కొస దగ్గర కిలోన్నర కూడా ఉండదు. అడుగు చెక్కలు రెంటినీ వెనక కలిపే అడ్డపట్టీకి రింగు తల స్క్రూలు రెండు, వాసానికి ఒక తీగ లూపు, మూడింటిలోంచి ఇంకో మేకు, దానికి 3 మీటర్ల తాడు. ఆ తాడును పక్క నుంచే లాగాలి. ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. సరిచేసుకునే దశలో బంతి వెనక్కి రావడమే ఎక్కువ, అందుకే ముందు 40 మీటర్లు, వెనక 20 మీటర్లు ఖాళీ చూసుకోండి. అపార్ట్‌మెంట్ డాబా దీనికి చోటు కాదు. రాయి పెట్టి చూద్దామనే ఆలోచనే వద్దు. వడిసెల సర్దేటప్పుడు డబ్బాను తీసి పక్కన పెట్టి, అంతా సిద్ధమయ్యాక తాడు కట్టిన మేకు దూర్చి ఉండగా ఆఖరున తగిలించండి.

ఇదంతా కుదిరాక చట్రం కింద చిన్న చక్రాలు బిగించి చూడొచ్చు. డబ్బా పడుతున్నప్పుడు చట్రం ముందుకూ వెనక్కూ కదిలి, బరువు ఇంకాస్త నిటారుగా దిగుతుంది. నేల గరుకైతే ఆ లాభం రాదు, పైగా వాసం కొస మేకు వంపు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.