చాందా చెరువుల చుట్టూ

కాగజ్‌నగర్ దాటి, వార్ధా వంతెన మీదుగా రైలు బల్లార్షా చేరింది. ప్లాట్‌ఫాం మీద మరాఠీ, హిందీలతో పాటు మన తెలుగూ వినబడుతూనే ఉంది. బొగ్గు గనుల కోసం, కాగితం మిల్లు కోసం తరాల కిందట వచ్చి స్థిరపడ్డవాళ్లు ఇక్కడ చాలామంది. మా బావ కూడా గనిలో రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. శివరాత్రి వెళ్లాక రమ్మన్నాడు, పులిని చూపిస్తానని. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నాకు మాత్రం చాందా (చంద్రపూర్ పాత పేరు) చెరువుల మీదే మనసు.

ముందు చంద్రపూర్‌లో రామాలా తలావ్ చూశాం. గోండు రాజుల నాటి చెరువు. ఊరి మురుగు చేరి గుర్రపుడెక్క కమ్ముకుంటుంటే, దీన్ని బాగుచేయాలని 2021లో పర్యావరణ కార్యకర్త బండు ధోత్రే నిరాహారదీక్ష చేశారు. నా సంచిలో తెలుపు నలుపు రంగులు వేసిన పళ్లెం ఒకటి ఉంటుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలియాలంటే, తాడు కట్టి నీళ్లలోకి దింపి, ఎంత లోతుకు కనబడకుండా పోతుందో చూడటమే. 1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కీ మొదలుపెట్టిన పద్ధతి. రామాలాలో జానెడు దిగకముందే పళ్లెం మాయమైంది.

"డెక్క తీసేస్తే బాగైతది గదా బామ్మర్దీ?" అన్నాడు బావ. తీయాల్సిందే, కానీ దాన్ని పెంచే తిండి కాలువలో వస్తూనే ఉంటుంది. 1973లో కెనడాలోని ఒంటారియోలో ఒక సరస్సును మధ్యకు తెరకట్టి విడదీశారు. ఒక సగంలో కర్బనం, నత్రజని వేశారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన సగమే పచ్చగా నాచు కట్టింది. ఆ సంగతి చెబితే బావ చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు మొహర్లీ గేటు నుంచి తాడోబాలోకి వెళ్లాం. 1955 నుంచి జాతీయ వనం. తాడోబా చెరువులో మొసళ్లున్నాయి, జీపు దిగనివ్వరు. పళ్లెం సంచిలోనే ఉండిపోయింది. అడవి మధ్యలో ఉన్నంత మాత్రాన చెరువుకు పోషకాలు అందవని కాదు. కణుజులు, అడవిదున్నలు నీళ్లకొచ్చి పేడ వేస్తాయి, చుట్టూ ఆకు రాలుతుంది. తేడా అంతా అవి ఎంత మెల్లగా చేరతాయన్న దాంట్లోనే. (పులి కనబడింది. బావ సంతోషం అంతా ఇంతా కాదు.)

నాకు ఎక్కువ నేర్పింది జునోనా చెరువు. ఒకవైపు అడవి, ఒకవైపు ఊరు, పొలాలు. అడవి వైపు వాగు వెంట నడిచాం. ఏరుమద్ది, నేరేడు, వెదురు పొదలు. ఒకచోట కూర్చుని చేత్తో ఆకు తొలగించాను. పైన ఎండిన పొర గలగలమంది. దాని కింద తడిసి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు, వాటికి అల్లుకున్న తెల్లని బూజు దారాలు, ఆ కింద వేలికి మెత్తగా తగిలే నల్లమట్టి. వాన ఈ పొరల్లో ఇంకి, నిమ్మళంగా వాగులోకి దిగుతుంది. భాస్వరం మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది కాబట్టి మట్టి కదలకపోతే అదీ కదలదు. నత్రజని అలా కాదు, నైట్రేటుగా మారి నీళ్లతోనే పోతుంది. దాన్ని ఆపేవి బతికున్న వేళ్లే. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్‌లో 1965లో ఒక వాగు పరీవాహకంలోని చెట్లన్నీ కొట్టేసి, మళ్లీ మొలవకుండా మందు కొట్టారు. ఆ వాగులో నైట్రేటు పదుల రెట్లు పెరిగింది.

కొంచెం పైకి వెళితే టేకు. టేకాకు పెద్దది. వాన చినుకులు దాని మీద ఒక్కటై లావుపాటి బొట్లుగా పడతాయి. కింద పొదలు లేకపోతే నేల చిట్లిపోతుంది. అక్కడ వేళ్లు బయటపడి ఉన్నాయి. ఇంకా పైన ఒక ఇప్పచెట్టు కింద నేల కాలి ఉంది. రాలిన పువ్వు కనబడాలని ఆకులకు నిప్పు పెడతారు. బూడిదలో భాస్వరం, పొటాషియం ఉంటాయి, తొలకరికి అవన్నీ కిందికే. ఇప్పపువ్వు ఏరుకుని బతికేవాళ్లను తప్పు పట్టలేను. చెట్టు కింద ఆకును చీపురుతో ఊడ్చి పక్కన పోసినా పువ్వు కనబడుతుంది కదా అనిపించింది.

వాగు మడుగులో నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఆకుల్లోంచి దిగిన రసాలవి. వెలుతురు లోపలికి పోనివ్వవు కాబట్టి పోషకాలున్నా నాచు తొందరగా పెరగదు.

చెరువు అవతలి గట్టు మీద సిరొంచ వైపు నుంచి వచ్చిన బెస్త తాత వల సర్దుకుంటున్నాడు. తెలుగు వినగానే లేచొచ్చాడు. పళ్లెం అడవి వాగు మూలన దింపితే మోకాలి లోతు దాకా కనబడింది, పొలాల కాలువ మూలన మూరెడు కూడా లేదు.

"గీ మూల పాచి ఎక్కువ సార్. వానల్ల యూరియా, డీఏపీ అంత ఈడికే కొట్టుకొస్తది. ముందుగాల గీడ తుంగ ఉండె, దున్నేసిన్రు."

తుంగను, కాలువ గట్టున వెదురును మళ్లీ పెరగనిస్తే మట్టి అక్కడే నిలబడుతుందన్నాను. పూడిక ఎండాకాలంలో తీసి పొలాలకే తోలుకుంటే పోయిన భాస్వరం కొంతైనా తిరిగి వాళ్లకే దక్కుతుంది. మన పల్లెల్లో ఒండ్రు తోలుకోవడం కొత్తేమీ కాదు.

"పొలపోళ్లు ఒప్పుకుంటే గద? నేను అడుగుత, నువ్వు గూడ ఉండాలె" అన్నాడు తాత. జూన్‌లో తొలి వానలు పడ్డాక వస్తానని మాటిచ్చాను. అప్పుడు రెండు మూలలా పళ్లెం దింపి, ఆ రైతులకే చూపించాలి.