మా బ్రూనోకి సాయం దొరికింది

ఇంకో కుక్క కనబడితే చాలు, మా బ్రూనో బెల్టు తెంచుకునేంత పని చేసేవాడు. "నాలుగు తగిలించండి, వాడే దారికొస్తాడు" అన్న సలహాలకి కొదవ లేదు. మాకు మనసొప్పలేదు. కుక్కల ప్రవర్తన మీదే పనిచేసే ఒక మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాం.

ముందు వెటర్నరీ డాక్టరుకి చూపించి రమ్మన్నారు. కీళ్ల నొప్పి ఉన్నా, చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నా కుక్క అలా మీదికి ఎగబడొచ్చట. అవేం లేవని తేలాకే పని మొదలుపెట్టారు.

కిటుకంతా దూరంలోనే ఉంది. అవతలి కుక్క కనిపించాలి, కానీ వీడు బెదరనంత దూరంలో. కనిపించగానే వీడికి బాగా ఇష్టమైన ముక్క నోట్లో పెట్టాలి. అది వెళ్లిపోయిందా, ముక్కలూ ఆపేయాలి. ఒళ్లు బిగుసుకున్నా, ఊరికే మూతి నాక్కుంటున్నా ఇంకాస్త వెనక్కి జరగాలి. గుర్రుమంటే మాత్రం అస్సలు తిట్టొద్దన్నారు. అది వాడిచ్చే హెచ్చరిక. దాన్ని నొక్కేస్తే రేపు చెప్పాపెట్టకుండా కరిచే ప్రమాదం ఉంది. కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసుండాలి!

ఇప్పుడు దూరంగా కుక్క కనిపిస్తే మొరగడు, "ఏదీ నా ముక్క?" అన్నట్టు నా మొహంలోకి చూస్తాడు. ఆ చూపుకి ప్రాణం లేచొస్తుంది. మరీ దగ్గరికొస్తే ఇంకా కష్టమే, దాని మీదే పనిచేస్తున్నాం.